ఓర్తాన్స్ అడిగిన దారి

ఓర్తాన్స్ ఆక్టోపస్‌ను బండకేసి బాదేటప్పుడు దగ్గరికి వెళ్లి మాట్లాడే ధైర్యం మా రేవులో నాకొక్కదానికే ఉంది. అలా బాదకపోతే దాని మాంసం మెత్తబడదు, ఎంత ఉడికించినా రబ్బరు చెప్పులా సాగుతుంది. మామూలు రోజుల్లో ఆమె బాదుతూ పాట పాడుతుంది. ఈమధ్య మాత్రం దెబ్బకొక పేరు చెబుతోంది. మొదటి పేరు జెర్వే. రెండోది మారిషస్ రాజధాని పోర్ లూయీ నుంచి దిగిన పెద్దాఫీసరుది. మూడోవాడి పేరు మా ఎవరికీ నోరు తిరగదు కాబట్టి "ఎర్రమొహమోడా!" అని బాదుతుంది. ఆ కోపం నాది కూడా.

మా రోడ్రిగ్ ద్వీపంలో మగవాళ్లు పడవలేసుకుని పగడపు గట్టు దాటి పోతారు. గట్టుకి ఇవతల, ఆటు సమయంలో నీళ్లు మోకాలి దాకా తగ్గినప్పుడు, ఇనుప చువ్వ పట్టుకుని రాళ్ల సందుల్లో ఆక్టోపస్‌ను వెతికేది ఆడవాళ్లం. ఓర్తాన్స్ ఏడేళ్లకే తల్లి వెనక నీళ్లలోకి దిగింది. రాయి రంగులో కలిసిపోయి కూర్చున్న ఆక్టోపస్ మా కంటికి రాయిలాగే కనబడుతుంది, ఆమెకి మాత్రం "అదిగో, ఊపిరి పీలుస్తోంది" అని కనబడుతుంది. మొగుడు పెద్ద ద్వీపానికి, అంటే మారిషస్‌కి, తాపీపనికని పోయి అక్కడే ఇంకొకత్తెతో కాపురం పెట్టాడు. ఇద్దరు ఆడపిల్లల్ని ఆ చువ్వతోనే పెంచింది. పెద్దపిల్లకి బాప్తిస్మంలో జ్ఞానతల్లిని నేనే. అందుకే ఒకరినొకరం కొమేర్ అని పిలుచుకుంటాం. ఆమె ఇంట్లో ఏం ఉడుకుతోందో నాకు వాసన చూడకుండానే తెలుసు. మొక్కజొన్న సంకటి, ఎర్ర చిక్కుడుగింజలు, కారం నిమ్మకాయ పచ్చడి.

బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. నేను ప్రాథమిక బడి పూర్తిచేశాను, ఆమె మూడో తరగతిలోనే మానేసింది. ఎందుకు మానేసిందో ఊళ్లో చాలామందికి తెలియదు. ఒకరోజు ఆమెకి బయటికి వెళ్లాల్సి వచ్చింది. లేచి నిలబడి మా క్రెయోల్ భాషలో, చాలా మర్యాదగా, పంతులమ్మని అడిగింది. "ఇంగ్లీషులో అడుగు, పంపిస్తాను" అంది పంతులమ్మ. ఆ ఇంగ్లీషు వాక్యం ఓర్తాన్స్ నోట్లోకి రాలేదు. మళ్లీ మా భాషలోనే అడిగింది. మళ్లీ అదే జవాబు. చివరికి బెంచీ తడిసింది, దాంతోపాటు నా గౌను కూడా. మర్నాడు ఆమె బడికి రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

ఇంగ్లీషు దొరలు వెళ్లిపోయి పెద్ద ద్వీపానికి స్వతంత్రం వచ్చిన రోజున మా నాన్న గుమ్మానికి నల్లగుడ్డ కట్టాడు. "మనకి దొర మారాడు, అంతే" అన్నాడు. ఇంగ్లీషాయన పోయి పోర్ లూయీ ఆయన వచ్చాడు. మమ్మల్ని చూసి ముక్కు మూసుకోవడంలో ఇద్దరికీ తేడా లేదు. తర్వాత ఎన్నో ఏళ్లకి మాకంటూ సొంత అసెంబ్లీ ఇచ్చారు. ఆ రాత్రి డోలు కొట్టి సెగా చిందులేసి నా మోకాళ్లు వాచిపోయాయి. ఇక మన పిల్లలే కుర్చీల్లో కూర్చుంటారు, మన మాట మన మాటగానే వింటారు అనుకున్నాం. ఓటు అడగడానికి వచ్చినప్పుడు ప్రతివాడూ క్రెయోల్‌లోనే వచ్చాడు. గెలిచాక గొంతు సవరించుకుని ఇంగ్లీషు అందుకున్నాడు.

ఇక దారి సంగతి. ఊరి నుంచి సరుగుడు తోపులోంచి నీళ్లలోకి దిగే దారి మాకొకటి ఉండేది. దాన్ని ఎవరూ వేయలేదు, ముత్తవ్వల పాదాలు వేశాయి. ఏటా ఆక్టోపస్‌లు ఎదగడానికని కొన్ని వారాలు వేట ఆపేస్తారు. మాకూ ఇష్టమే, తర్వాత పెద్దవి దొరుకుతాయి. ఆ వారాల్లో మేము ఆ దారిన నడవం. నడవని వారాలు చూసి గోడ కట్టారు. తోపు మొత్తం ఏదో విదేశీ హోటలు కంపెనీకి లీజుకి పోయింది. గోడకి ఇనుప గేటు, దానికి గొలుసు. కొండ చుట్టూ తిరిగి నీళ్లు చేరేసరికి పోటు వచ్చేస్తుంది, ఇంక ఆక్టోపస్‌ని కాదు, అలల్ని పట్టుకోవాలి.

ఊరి హాల్లో సమావేశం పెట్టారు. ముందు కుర్చీల్లో ముగ్గురు. కంపెనీ తెల్లాయన, పోర్ లూయీ పెద్దాఫీసరు, ఇద్దరికీ మధ్యలో మా జెర్వే. ఈ జెర్వే మా ఊరివాడే, రోజ్‌మే కొడుకు. వాళ్లమ్మ మాతోపాటు నీళ్లలో నడిచి చదివించింది. అసెంబ్లీ ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. తెల్లాయనకి మా మాట ఇంగ్లీషులో చెప్పాల్సింది వాడే.

మా తరఫున ఓర్తాన్స్‌ని మాట్లాడమన్నాం. మాలో మెత్తటి నోరు ఆమెదే. చర్చికి వేసుకునే గౌను వేసుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకుని లేచి నిలబడింది.

"మిస్యే, మీకు దణ్ణాలు. హోటలు కట్టుకోండి, వద్దనం. మా అమ్మలు నడిచిన దారి మాత్రం కాస్త వదిలెయ్యండి. తెల్లారి వెళ్తాం, పొద్దెక్కేసరికి వచ్చేస్తాం. మీ పువ్వుల మీద కాలు పెట్టం. మిమ్మల్ని దిమాన్ చేస్తున్నాం."

మా భాషలో దిమాన్ అంటే అడగడం. ఉప్పు అరువడిగినా దిమానే, దేవుణ్ణి వేడుకున్నా దిమానే. అంతకన్నా మెత్తని మాట మా దగ్గర లేదు.

జెర్వే తెల్లాయన వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందులో మాకు తెలిసిన ముక్క ఒక్కటే వినబడింది, డిమాండ్. తెల్లాయన మొహం చెవుల దాకా ఎర్రబడింది. ఓర్తాన్స్ వైపు వేలు చూపించి "డిమాండ్?" అన్నాడు.

పిచ్చితల్లి, తన మాట ఆయనకి అందిందని పొంగిపోయింది. "వీ, వీ, అవును మిస్యే! దిమాన్, దిమాన్!" అని నడుం వంచి మరీ చెప్పింది. వెనక కూర్చున్న మేమందరం ఊరుకుంటామా? చర్చిలో ఆమెన్ అన్నట్టు ఒక్క గొంతుతో "దిమాన్!" అన్నాం. ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్లిపోయాడు. పెద్దాఫీసరు కాగితాలు సర్దుకున్నాడు. మర్నాడు గేటుకి ఇంకో గొలుసు పడింది, దారి ఎవరికీ లేదని చాటించారు.

అంత మర్యాదకి అంత కోపం ఏమిటో నాకు అంతుబట్టలేదు. అంతుబట్టని విషయం కడుపులో పెట్టుకుని నాకు అన్నం దిగదు. నేరుగా జెర్వే ఇంటికి వెళ్లాను. రోజ్‌మే పెరట్లో దండెం మీద, వేట ఆపకముందు పట్టిన ఆక్టోపస్‌లు మళ్లీ ఎండకి ఆరేస్తోంది. వాడు వరండాలో బూట్లు తుడుచుకుంటున్నాడు.

"ఏరా, ఆ తెల్లాయనతో ఏం చెప్పావు?"

"మీరు చెప్పిందే చెప్పాను మతాంత్. డిమాండ్ చేస్తున్నారన్నాను." పిన్నిని మా పిల్లలు మతాంత్ అంటారు.

"మరి ఆయన తేలు కుట్టినట్టు లేచాడేం?"

వాడు బూటు వైపే చూస్తూ అన్నాడు. "ఇంగ్లీషులో ఆ మాట... కొంచెం గట్టిది."

"ఎంత గట్టిది?"

"ఇవ్వాల్సిందే, లేకపోతే చూస్తాం... అలాంటిది."

రోజ్‌మే చేతిలోంచి ఆక్టోపస్ మట్టిలో పడింది. "అది నీకు అప్పుడే తెలుసా?" అంది కొడుకుతో.

"అమ్మా, మాటకి మాట అదే కదా! నేనేం కల్పించానా?"

"మాటకి మాటా?" అన్నాను. "నువ్వు చంటిపిల్లాడిగా పాల కోసం దిమాన్ చేశావు. మీ అమ్మని బెదిరించావా? ఆఫీసులో సెలవు కావాలంటే ఇంగ్లీషులో ఏమంటావు, డిమాండ్ అంటావా?"

వాడు రెండో బూటు అందుకున్నాడు. నాకు అప్పుడు తెలిసింది. మేం మర్యాదగా అడిగామని చెబితే, అంతమంది ముందు కాదనడానికి వాళ్లకి మొహం చెల్లదు. బెదిరించామని చెబితే తలుపు వేసుకోవచ్చు. అక్కడే కూర్చున్న పోర్ లూయీ ఆయనకి మాత్రం దిమాన్ అంటే ఏమిటో తెలియదా? ఆయనా ఇంట్లో మాట్లాడేది క్రెయోలే కదా! తెల్లవాడి పక్కన కుర్చీ దొరికేసరికి చెవులు మూసుకుపోయాయి. ఇంగ్లీషువాడు మా భాష రాక కాదన్నాడు. వీళ్లు వచ్చీ కాదన్నారు. వీళ్లకే నేను డోలు కొట్టింది!

అదంతా ఓర్తాన్స్‌కి చెప్పాను. చువ్వ సానపెడుతోంది, ఆపలేదు.

"అంటే నేను రౌడీనన్నమాట."

"వాళ్ల లెక్కలో."

"చర్చి గౌను వేసుకున్న రౌడీని" అంది. చువ్వ మొనని వేలితో తడిమి చూసుకుంది.

వేట మళ్లీ మొదలయ్యే రోజు దగ్గర పడింది. ఆ పొద్దున టీవీ వాళ్లు వస్తారు, మేం టోపీలు పెట్టుకుని నీళ్లలో దిగడం ఫొటోలు తీస్తారు, మా సంస్కృతి అని చూపిస్తారు. టీవీలో గేటు కనబడితే బాగుండదు కదా. జెర్వే కబురు తెచ్చాడు. ఓర్తాన్స్ అందరి ముందు తెల్లాయనకి క్షమాపణ చెప్పుకుంటే పొద్దున పూట దారి వదులుతారట.

"వెళ్లకు కొమేర్" అన్నాను. "చెయ్యని తప్పుకి..."

"వెళ్తాను" అంది. "దారి కావాలి. మా చిన్నదాని కాళ్లింకా రాళ్లకి అలవాటు పడలేదు, ఈ ఏడు వదిలేస్తే అది ఇంక నీళ్లలోకి రాదు, ఎక్కడో హోటల్లో దుప్పట్లు మడతపెడుతుంది."

ఆ పొద్దున గేటు ముందు బూట్లు, టోపీలు, చువ్వలతో అందరం నిలబడ్డాం. సరుగుడు కొమ్మల సందుల్లోంచి నీళ్లు వెనక్కి తగ్గడం కనబడుతోంది. టీవీ బండి ఇంకా రాలేదు. గేటు అవతల ఆ ముగ్గురూ ఉన్నారు, తాళం చెవి తెల్లాయన చేతిలో ఉంది.

ఓర్తాన్స్ టోపీ తీసింది. మా భాషలో క్షమించమని అడగడానికి ఒక్కటే మాట ఉంది, అదే అంది.

"మిస్యే, మో దిమాన్ పార్దోన్."

అని జెర్వే వైపు తిరిగింది. "చెప్పు నాయనా. ఆవేళ నా దిమాన్‌ని ఎలా చెప్పావో ఇవాళా అలాగే చెప్పు. మాటకి మాట."

జెర్వే ఇరుక్కున్నాడు. ఆవేళ చెప్పినట్టే చెబితే, ఈమె నీచేత క్షమాపణ చెప్పించుకుంటానంటోంది అని అర్థం. మెత్తగా చెబితే, ఆవేళ కావాలనే గట్టిగా చెప్పానని ఒప్పుకున్నట్టు. పెద్దాఫీసరుకి మాకంటే ముందే అర్థమైంది, పెదవి కొరుక్కున్నాడు. ఓర్తాన్స్ ఆయన్నీ వదల్లేదు.

"వాడికి రాకపోతే మీరు చెప్పండి మిస్యే. మీ అమ్మ మీకు ఇంగ్లీషులో జోల పాడిందా ఏం?"

వెనక ఆడవాళ్లు పగలబడి నవ్వారు. తెల్లాయన ఒకరి తర్వాత ఒకరి మొహం చూసి, ఏమందని గద్దించాడు. జెర్వే అటూ ఇటూ చూశాడు. తల్లి వైపు మాత్రం చూడలేదు. చివరికి గొణిగాడు. డిమాండ్ అనే ముక్క మా అందరికీ వినబడింది. ఉద్యోగం కోసం రెండోసారి కూడా అదే మాట అన్నాడు.

ఎర్రమొహం తాళం చెవి జేబులో వేసుకుని కారెక్కాడు.

"విన్నారా?" అంది ఓర్తాన్స్ మాతో. "నేను బెదిరించానట. రెండుసార్లు." చువ్వని గొలుసు సందులో దూర్చింది. ఒక్కత్తె వల్ల కాలేదు. రోజ్‌మే వచ్చి ఆ చువ్వ మీద చెయ్యి వేసింది, తర్వాత నేను వేశాను. గొలుసు తెగలేదు గానీ గేటు కొక్కెం ఊడి వచ్చింది. "అమ్మా!" అన్నాడు జెర్వే. రోజ్‌మే వాడి పక్కనుంచే నడిచి నీళ్లలోకి దిగింది.

పోలీసులు వచ్చేసరికి మేం మోకాలి లోతులో ఉన్నాం. బూట్లు తడుస్తాయని వాళ్లు ఒడ్డునే ఆగారు.

ఇప్పుడు ఓర్తాన్స్ మీద కేసు ఉంది, ఆస్తి నష్టం, బెదిరింపు. వచ్చే నెల మా ద్వీపం ముఖ్యపట్నం పోర్ మాతురిన్ కోర్టులో వాయిదా. అక్కడా అంతా ఇంగ్లీషే, మా మాట జడ్జిగారికి చెప్పడానికి ఎవరినో పెడతారట. ఎవరిని పెడతారో వాకబు చేస్తున్నాను, ఎవరి కొడుకో, ఎవరి మనవడో. ఎవరైనా సరే, మా ఊరి ఆడవాళ్లందరం వెళ్లి ఎదురుగా కూర్చుంటాం, ఆ ఒక్క ముక్క కోసం చెవులు రిక్కించుకుని.

గేటు ఇంకా వాలిపోయే ఉంది. ఆ దారినే వెళ్తున్నాం, ఆమె చిన్నకూతురు కూడా వస్తోంది. నిన్న బండ దగ్గర ఓర్తాన్స్ బాదడం ఆపి నా వైపు తిరిగింది.

"కొమేర్, ఆ బెంచీ మీద కూడా నేను దిమానే చేశాను, గుర్తుందా?"

"నా గౌనుకి గుర్తుంది" అన్నాను.

నవ్వలేదు. నిన్నటి నుంచి బండ మీద నాలుగో పేరు కూడా పడుతోంది. ఆ పంతులమ్మది.