జారని నీళ్లు

ఆ వీధిలో ఆయన అందరికీ ఫొటోల మావయ్య. స్టూడియో మూతపడి ఏళ్లయినా పేరు మాత్రం మూతపడలేదు. ఒకప్పుడు ఫిల్ములు కడిగే మందు తనే కలుపుకునేవాడు. ఆ మందులే వేళ్లను తినేశాయి. కొసలు చెక్కలా బిరుసెక్కి, వేడీ చలవా తెలియకుండా పోయాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు చెల్లెలు పాత కెమెరా పట్టుకొచ్చింది. చనిపోయిన భర్త పెట్టె సర్దుతుంటే దొరికిందట. లోపల రీలు అలాగే ఉంది.

“పాప బతికుండగా ఆయన తీసిన రీలన్నయ్యా. అది పోయాక కడిగించడానికి మనసొప్పలేదు ఆయనకి. ఇప్పుడు దాని మొహం నాకు గుర్తు రావడం లేదు.”

పాప ఫొటో వాళ్లింట్లో ఇంకొకటి లేదు.

మందులమ్మే కొట్లు ఎప్పుడో పోయాయి. కాఫీపొడి, విటమిన్ సి బిళ్లలు, బట్టల సోడా కలిపినా బొమ్మ లేస్తుందని ఆయనకు తెలుసు. వంటింట్లో పక్కపక్కనే ఉన్న రెండు తెల్లపొడి డబ్బాల్లో ఒకటి దించుతుంటే భార్య మాట అందుకుంది.

“నాకు ఏనాడూ కలపని కాఫీ ఆ రీలుకి కలుపుతున్నారా? పెట్టి పుట్టింది!”

చెల్లెలు నవ్వింది, చాలా రోజులకు.

ముందు రీలు కొస కత్తిరించి మందు పనిచేస్తోందో లేదో చూసుకోవడం ఆయన పద్ధతి. కత్తెర తీయగానే చెల్లెలు చెయ్యి పట్టుకుంది. “వద్దన్నయ్యా, పాప ఆ ముక్కలోనే ఉంటే?” కొస ఖాళీదేనని చెప్పబోయి, ఆమె మొహం చూసి కత్తెర పక్కన పెట్టేశాడు.

ఇక మిగిలింది వేళ్లే. బట్టల సోడా కలిస్తే నీళ్లు సబ్బులా జారతాయి, వంట సోడా అయితే జారవు. ముంచి రుద్దాడు. ఏమీ తెలియలేదు.

“కుదిరిందా?” అంది భార్య. వేలు పెట్టి చూడమంటే సరిపోయేది.

“భేషుగ్గా,” అన్నాడు.

చీకట్లో రీలును ఆ మందులో ముంచి, తర్వాత స్టూడియో రోజుల్లో మిగిలిన హైపో నీళ్లలో వేశాడు. లేవని బొమ్మను హైపో కడిగేస్తుంది, ఇక మళ్లీ రాదు. అందులోంచి తీసిన రీలు గాజులా తేటగా ఉంది. అంచున కంపెనీ వేసే అంకెలు కూడా లేవలేదు. బొమ్మలు పోయినా అవి లేవాలి. లేవలేదంటే తప్పు కెమెరాది కాదు.

“నా వంట సోడా అంతా ఎవరు ఊడ్చేశారు?” వంటింట్లోంచి భార్య గొంతు.

చెల్లెలు రీలును కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

“మా ఆయనకి ఫొటో తీయడం ఎప్పుడొచ్చింది కనక! కెమెరా మూతైనా తీశారో లేదో. ఇన్నాళ్లూ తీశారనే నమ్మాను.”

ఆయన రీలు అందుకుని, క్లిప్పు పెట్టి తాడుకు వేలాడదీశాడు.

“ఖాళీదాన్ని ఎందుకన్నయ్యా ఆరేయడం?”

“తడిగా చుట్టకూడదమ్మా,” అన్నాడు.