లండన్ దొంగలకు జిలాన్ బాషా సాక్ష్యం

"...చచ్చేటప్పుడు గూడా నెత్తిన టోపీ జారకుండా చస్తాడప్పా అమెరికా దొంగ! మీ లండన్‌వాడో? రెండు కప్పులు టీ తాగి, దగ్గి, పోలీసోని యెనకాల నడిచిపోతాడు. దాన్ని చూసేదానికి టికెట్టెందుకు కొనల్ల?"

"నువ్వెప్పుడు కొన్నావు యేసన్నా టికెట్టు? ఊరికే చూసేవానికి అంత నోరెందుకు?"

"ఊరికే యాడ చూస్తాండా? గొంతు చించుకుంటాండా."

గుంతకల్లు రేకుల టాకీసులో ఆపరేటరు గది మెట్ల మీద ఈ పోట్లాట ఆదివారం ఆదివారం జరిగేదే. ఇంగ్లీషు పిక్చరు ఆదివారం పొద్దుటి ఆట ఒక్కటే. ఆట వదిలాక ఆపరేటర్ జిలాన్ బాషా, యంత్రంలో మండే కార్బన్ కడ్డీల మసి అంటిన చేతులు గోనెగుడ్డకు తుడుచుకుంటూ లండన్ దొంగల పక్షం మాట్లాడేవాడు. యేసన్న కింది మెట్టు మీద కూర్చొని అమెరికా దొంగల పక్షం మాట్లాడేవాడు. యాభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఒక ఆదివారం కూడా అట్లాగే మాట్లాడుకొని, నవ్వుకొని, ఎవరి ఇంటికి వాళ్లు పోయారు.

జిలాన్ బాషాది గుమ్మఘట్ట. తండ్రి ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. కొడుకు పద్నాలుగో ఏట డేరా సినిమా బండి వెంట పోయి, ఇంజను తుడిచి, రీళ్లు చుట్టి, చివరికి యంత్రం పక్కన నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా గోడలో జానెడు కంత గుండా లోకాన్ని చూస్తున్నాడు. యంత్రం రొదలో తెరమీది మాట అతనికి వినపడదు. వినపడినా ఇంగ్లీషు రాదు. అందుకని మొహాలు చూడడం నేర్చుకున్నాడు. ఎవడు అబద్ధమాడుతున్నాడో వాడి నోరు చూడకుండా, పక్కవాడి కళ్లు చూసి చెప్పేవాడు.

అమెరికా పిక్చర్లంటే అతనికి గిట్టక కాదు. వాటిలో దొంగ పస్తులతో మొదలై ఊరినంతా గుప్పిట్లో పెట్టుకుంటాడు. కోటుకు పువ్వు, చేతిలో టకటకలాడే తుపాకి, పొడుగాటి కారు. ఆఖరున నలుగురూ చూస్తుండగా నడివీధిలో కూలిపోతాడు. ఎవడు లేస్తాడో ఎవడు పడతాడో రెండో రీలుకే తెలిసిపోతుంది. లండన్ పిక్చర్లో ఆ దర్జా లేదు. తడిసిన సందు, ఇరుకు అద్దెగది, తలుపు సందులోంచి తొంగిచూసే ఇంటామె. దొంగ చేతిలో క్షౌరం కత్తి. తుపాకి లేని పోలీసు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, చిలక్కొయ్యకున్న టోపీ తీసుకొని వెంట నడుస్తాడు. ఆ దొంగలకు పోలీసు భయం కన్నా తమలో తమకు భయం ఎక్కువ. ఒకడు టీ పోస్తుంటే మిగతా ముగ్గురూ వాడి చేతినే చూస్తుంటారు.

"అమెరికాదాంట్లో ఎవరు చస్తారో చూడల్ల. లండన్‌దాంట్లో ఎవరు పట్టిస్తారో చూడల్ల," అనేవాడు బాషా. ఆ పట్టించేవాణ్ణి ముందే కనిపెడతానని ప్రతిసారీ తనతో తానే పందెం కట్టేవాడు. ఎక్కువసార్లు ఓడిపోయేవాడు.

నేల టికెట్టువాళ్లకు లండన్ పిక్చరు నచ్చే కారణం వేరు. దాంట్లో వాన పడుతుంది. మూడేళ్లుగా చేలు బీడుపడిన పల్లెల మనుషులు, తెరమీద గొడుగులు విచ్చుకోగానే "ఈడ పడరాదా తల్లీ!" అని కేక వేసేవారు.

వాళ్లకు కథ చెప్పేది యేసన్న. తెర పక్కన ముక్కాలిపీట ఎక్కి, ఇంగ్లీషు మాట ముగిసేలోపల తెలుగు మాట అరిచేవాడు. మిగతా రోజుల్లో జట్కాలో తిరిగి రేకు బాకాలో ఆట పేరు చెప్పేవాడు. తెల్లవాళ్ల కాలంలో ఒక రైల్వే ఫోర్‌మన్ దొర దగ్గర పదేళ్లు వంట చేశాడు. దొర ఇంగ్లండు సీమకు పోతూ అతనికి కొంత ఇంగ్లీషూ, రెండు ఖాకీ ప్యాంట్లూ వదిలిపోయాడు. "ఆ జాతిని పొయ్యికాడి నుంచి చూసినా. మళ్లా తెరమీద గూడా చూడల్లనా?" అనేవాడు. అతని మనసు అమెరికా మీదే.

ఆ ఆదివారం పిక్చర్లో నలుగురు దొంగలు పట్టపగలు ఖాకీ బట్టలు తొడుక్కొని, నిచ్చెన మోసుకొని, ఒక కాగితం చూపించి ఆఫీసులోకి నడిచారు. ఇనప్పెట్టెను బండికెత్తుకొని పోయారు. జవానే తలుపు తీశాడు. బాషా ఆ రీలును ఊపిరి బిగబట్టి చూశాడు. యంత్రం రొదను మించి కంతలోంచి యేసన్న అరుపు మాత్రం స్పష్టంగా వినిపించింది: "పాపం, కూలోళ్లు! పెట్టె చెడిపోతే మరమ్మతుకు కంపెనీ పంపించినాది!" బాషా నవ్వుకున్నాడు. మనిషికి నిద్రొస్తున్నట్టుంది అనుకున్నాడు. సోమవారం రైలుకు రీళ్ల పెట్టెలు మద్రాసు పోయాయి.

మంగళవారం మధ్యాహ్నం ఊరి చివరి వేరుశనగ మిల్లులో ఇంజను తోలుబెల్టును దొంగలెత్తుకుపోయారు. నలుగురు ఖాకీ మనుషులు నిచ్చెనతో వచ్చారు, కాగితం చూపించారు. కావలివాడు అంజినప్ప గేటు తీశాడు. బెల్టు చుట్టి బండికెత్తుతుంటే తనూ ఒక చెయ్యి వేశాడు. ఎండన పడి వచ్చారని కుండలోని నీళ్లు కూడా ఇచ్చాడు. పొద్దు వాలేలోగా అంజినప్ప లాకప్పులో ఉన్నాడు.

"సినిమాలో చూసినా సార్. అట్ల వచ్చేది కంపెనీ మనుషులే," అన్నది ఒక్కటే అతని మాట.

బుధవారం హెడ్ కానిస్టేబుల్ పాపన్న టాకీసుకు వచ్చాడు. అప్పటికే బజారులో పదిమందిని అడిగాడు. పోలీసు అడిగేసరికి ఆ ఆదివారం పిక్చరు చూసినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. ఒకడు నిద్రపోయానన్నాడు, ఒకడు వాన మాత్రమే చూశానన్నాడు.

"ఏమయ్యా బాషా, ఆ ఖాకీవాళ్లు బొమ్మలో దొంగలా, కూలీలా?"

"నాకు ఇంగ్లీషు రాదు సార్."

"కండ్లు ఉండాయి గదా?"

"రీలు తెగకుండా చూసుకునేదే సరిపోతాది సార్."

పాపన్న అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. "కావలోడు దొంగలతో కలిసిండాడని రాసుకుంటా. సోమవారం గుత్తి కోర్టుకు పంపిస్తాం," అని మెట్లు దిగాడు.

తను ఎందుకట్లా అన్నాడో బాషాకు సాయంత్రం ఇంటికి పోతుండగా తెలిసింది: లోపల యేసన్న మీద అనుమానం అప్పటికే ఉంది. యేసన్న ఇంటి ముందు దడి మీద ఖాకీ ప్యాంటు ఆరేసి ఉంది. కుండెడు నీళ్లకు మైలు నడిచే ఎండాకాలంలో, బుధవారం పూట ప్యాంటు ఎవరు ఉతుకుతారు? మంగళవారం యేసన్న జట్కా ఊళ్లో తిరగలేదు. గుత్తిలో చర్చి పని ఉందన్నాడు. ఇంగ్లీషు తెలిసినవాడు ఆ ఒక్క చోటే కథ ఎందుకు తప్పు చెప్పాడు? కొత్త ఎత్తు చూసినవాడు దాన్ని పదిమందికి అరిచి చెబుతాడా, తనకోసం దాచుకుంటాడా?

గురువారం అంజినప్ప పెళ్లాం నల్లమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది. బిడ్డను చంకనుంచి దించలేదు.

"అన్నా, మా ఆయప్ప అబద్ధమాడడు. ఆడేంత తెలివి యాడిది ఆయప్పకు? బొమ్మ ఆడించినోడివి నువ్వే. ఈ మనిషికి అట్లనే చెప్పినారు అని ఒక్క మాట చెప్పు చాలు."

"చూస్తాంలేమ్మా."

"చూసినావు గదా అన్నా. చూసేది నీ పనే గదా."

శుక్రవారం బాషా రెండుసార్లు యేసన్న ఇంటిదాకా పోయి వెనక్కి వచ్చాడు. శనివారం మధ్యాహ్నం మరుసటి ఆట రీళ్లు వచ్చాయి. ఈసారి అమెరికా పిక్చరు. కబురు తెలిసి యేసన్నే గదికి వచ్చాడు, చేతిలో రెండు టీ గ్లాసులు పట్టుకొని. బాషా గ్లాసు అందుకొని గట్టు మీద పెట్టాడు. తాగలేదు.

"ఆ దినం ఖాకీవాళ్లను కూలోళ్లని ఎందుకు చెప్పినావు?"

యేసన్న ఊది ఊది ఒక గుక్క తాగాడు. "ఓనరు నారాయణప్ప చెప్పినాడు. నా హాల్లో దొంగతనం నేర్పొద్దు యేసన్నా అన్నాడు, రెండేండ్లయింది. అప్పటినుంచి ఏ ఎత్తు వచ్చినా తిప్పి చెప్తాండా. పోయిన దసరాకు అమెరికాదాంట్లో బ్యాంకు కొల్లగొడతాంటే ఏం చెప్పినా? వాళ్ల దుడ్లు వాళ్లే తీసుకుంటాండారని చెప్పినా. నువ్వు పడీపడీ నవ్వినావు."

అది నిజమే. బాషాకు ఆ నవ్వు గుర్తుంది.

"ఓనరును అడుగుదామా?"

"అడుగు పో. పోలీసు సంగతంటే నారాయణప్పకు సొంత టాకీసు పేరు గూడా గుర్తుండదు. 'నేనెప్పుడన్నా?' అంటాడు."

"అంజినప్ప నీ మాట నమ్మి గేటు తీసినాడు. నువ్వు తిప్పి చెప్పకుండా ఉంటే ఆ నలుగురిని కుక్కలను తరిమినట్టు తరిమిండేవాడు."

యేసన్న గ్లాసు అడుగుకు చూస్తున్నాడు.

"స్టేషనుకు పోయి ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"నాకు పిచ్చా? ఇంగ్లీషు తెలిసినోడు, ఖాకీ ఉన్నోడు, తెలిసి తెలిసి అబద్ధం చెప్పినోడు. పాపన్నకు ఇంకేం కావల్ల? అంజినప్పను వదులుతాడు, ఆ తాళమే నాకు వేస్తాడు."

"ఖాకీ అంటే గుర్తొచ్చినాది. బుధవారం ఉతికినావే?"

"కిరసనాయిలు పడింది."

"మంగళవారం?"

"గుత్తి. చెప్పినా గదా." యేసన్న తలెత్తాడు. "బాషా, నువ్వు నన్ను లండన్ పిక్చర్లో టీ పోసేవాణ్ణి చూసినట్టు చూస్తాండావు."

బాషా నిజంగానే చూస్తున్నాడు. నోరు చూడకుండా పక్కవాడి కళ్లు చూద్దామంటే, గదిలో మూడో మనిషి లేడు. ఎదురుగా ఉన్న మొహంలో భయం ఉంది. అది పట్టుబడినవాడి భయమో, ఏ తప్పూ లేనివాడి భయమో ఇరవై ఏళ్ల చూపుకు కూడా అందలేదు. ఆ బొమ్మ వెనక్కి రాదు. దాంట్లో ఏముందో, దానికి తెలుగులో ఏం చెప్పారో రెండూ తెలిసి, నోరు తెరవగలిగినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు.

అతను కొత్త రీలు మొదటి డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. గట్టు మీది టీ చల్లారి మీద మీగడ కట్టింది.

"పొద్దున ఆటకు ముందు స్టేషనుకు పోతాండా యేసన్నా," అన్నాడు. "ఆ దినం హాల్లో నువ్వు చెప్పినది చెప్పినట్టు పాపన్నకు చెప్తా. నువ్వొస్తే నీ నోటితో, రాకుంటే నా నోటితో."