మజ్జిగ తొణకని కారు

మా వదిన పోయింది. పోయిన శుక్రవారం పొద్దున కుప్పం నుంచి వచ్చిన మొదటి బస్సు కండక్టరు మా ఇంటికి వచ్చి ఆ మాట మా ఆయనతో చెప్పాడు. నేను అక్కడే గడప పక్కన కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. నన్ను దాటుకుని లోపలికి పోయి మరీ ఆయనతో చెప్పాడు. వదిన సంగతులు ఎప్పుడూ అంతే. ముందు మా ఆయన చెవికి పోతాయి, తర్వాత మిగిలింది నాకు వస్తుంది. చావు కబురూ అలాగే వచ్చింది.

వదిన మా ఆయనకు సొంత అక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. మదనపల్లెలో మా వీధిలోనే ఉండేది. ఈ మధ్య ఒళ్ళు సరిగా లేక కుప్పంలో కూతురి దగ్గరికి పోయింది. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా వాళ్ళు అడిగారు. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి. రాయడానికి కూర్చున్నప్పటి నుంచి నాకు ఒకటే భయం. ఆమెను తక్కువ చేసి రాస్తానేమోనని కాదు, ఉన్నదానికంటే ఎక్కువ చేసి రాస్తానేమోనని.

కారు సంగతి చెప్పకుండా వదిన సంగతి చెప్పడం కుదరదు. ఆ కారు ఆమె భర్తది, నాకు అన్న వరస. నల్లగా, వీపు గుండ్రంగా ఉండే దొరల కాలంనాటి సీమ కారు. అన్న జ్వరంతో పోయాక కారు వదినకు మిగిలింది, దాన్ని బాడుగకు తోలే పని మా ఆయనకు వచ్చింది. డెబ్బయ్యో దశకం మొదట్లో అది. మదనపల్లె నుంచి పుంగనూరు, అక్కణ్ణుంచి పలమనేరు మీదుగా కుప్పం. పెళ్ళివాళ్ళు, ఆస్పత్రికి పోయేవాళ్ళు, కుప్పంలో రైలెక్కాల్సినవాళ్ళు మా గడపకే వచ్చేవాళ్ళు.

చూడ్డానికి ఆ కారు పెళ్ళికొడుకులా ఉండేది. దారి మీద దాని గుణం నాకు తెలుసు. స్టీరింగు ఒక జానెడు తిప్పాక గానీ చక్రాలకు తెలిసేది కాదు. వంపు వస్తే ఒక పక్కకు ఒరిగిపోయేది. బ్రేకు తొక్కితే ఎడమకు లాగేది. వాన వస్తే జారుతుందని, ఎండ కాస్తే టైరు పేలుతుందని, వానా ఎండా లేకపోతే మా ఆయన కునుకు తీస్తాడని నాకు భయం. ఆయన ఇంటికి తిరిగి వచ్చి చెప్పులు విప్పిన చప్పుడు వినేదాకా ముద్ద గొంతు దిగేది కాదు. జాగ్రత్త అని నేను ఎన్నిసార్లు అన్నానో ఆ దేవుడికే తెలియాలి. మా ఆయన ‘సరేలే’ అనేవాడు. నా కాపురమంతా నాకొచ్చిన జవాబు ఆ సరేలే.

అదే మాట వదిన అంటే ఆయన కారు ఆపి వినేవాడు.

అన్న పోయినప్పుడు ఆ కబురు చుట్టాలకు చెప్పడానికి మా ఆయన అదే కారెక్కి ఏడుస్తూ బయల్దేరాడు. పక్కింటివాళ్ళు వదినను పట్టుకుని కూర్చోబెట్టి ఉన్నారు. ఆమె వాళ్ళను విదిలించుకుని వీధిలోకి వచ్చి కారు ముందు నిలబడింది. “ఏడుపొస్తే పక్కకి పెట్టి ఏడువు నాయనా. ఏడ్చినాంక తోలు. రెండూ ఒకేసారి వద్దు,” అంది. మొగుడు చచ్చి పడుకున్న ఇల్లాలు అనే మాటేనా అది? మా ఆయన కారు పక్కకు పెట్టాడు. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చి, ముఖం కడుక్కుని పోయాడు. ఆ తర్వాత ఎన్నో చావులకు, రోగాలకు కారు తోలాడు. ఆ మాట దాటలేదు.

కొన్నాళ్ళకు ఒకసారి బాడుగ లేకుండా కారు పుంగనూరుకు పోతుంటే వదిన ముందు సీట్లో ఎక్కింది. నేను వెనక ఎక్కాను. ఎప్పుడూ అంతే, ముందు ఆమె, వెనక నేను. కాళ్ళ దగ్గర నిండుగా మజ్జిగ పోసిన చెంబు పెట్టుకుంది. దప్పికకు తెచ్చుకుందేమో అనుకున్నాను. ఒక్క గుక్క తాగలేదు. దారిని చూడకుండా ప్రతి వంపులోనూ తల వంచి ఆ చెంబునే చూస్తూ కూర్చుంది. పుంగనూరు చేరేసరికి సగం మజ్జిగ చెంబులో ఉంది, సగం ఆమె కుచ్చిళ్ళలో ఉంది. మా ఆయన తల దించుకున్నాడు.

“నీ తోలడంలో తప్పు లేదు నాయనా. దీనికే నడుము నిలబడలే. సాయబుకి సూపిద్దాం పా,” అంది.

పుంగనూరులో షెడ్డు పెట్టుకున్న సాయబు ఆ చెంబు చూసి నవ్వాడు. కారుకు మజ్జిగ పెట్టి జబ్బు కనుక్కున్నవాళ్ళను తానెప్పుడూ చూడలేదన్నాడు. నవ్వుతూనే పని మొదలుపెట్టాడు. స్టీరింగు కింద అరిగిపోయిన కీళ్ళు మార్చాడు. కుదుపు ఆపాల్సిన షాకులు చచ్చుబడితే వాటిని తీసేసి జీపువి సరిచేసి వేశాడు. ముందు రెండు చక్రాలకూ కలిపి కింద ఒక ఉక్కు కమ్మీ అడ్డంగా బిగించాడు. ఒక పక్క కుంగబోతే రెండో పక్కను కూడా పట్టి లాగుతుందట, అందువల్ల కారు ఒరగదట. బ్రేకులు నాలుగు చక్రాలకూ సమంగా పట్టేట్టు చేశాడు. అరిగినవాటికి కొత్త రబ్బరు అంటించిన రీట్రెడ్ టైర్లు ముందు వెయ్యకూడదని వదిన పట్టుబట్టింది.

ఇవన్నీ ఒక్కసారి అయినవి కావు. ఒక్కో పని అయినప్పుడల్లా ఆమె చెంబు పట్టుకుని ఎక్కేది. ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. పుంగనూరు బస్టాండు దగ్గర హోటలాయన మా కారు కనిపిస్తే చాలు, “ఏమక్కా, ఈ దినం కారు పాసా, పెయిలా?” అని అరిచేవాడు. వదిన చెంబు ఎత్తి చూపించేది. ఒకరోజు చెంబు నిండుగా, చుక్క తొణక్కుండా వచ్చింది. ఆ మజ్జిగ మా ఆయన, సాయబు, హోటలాయన పంచుకుని తాగారు. నాకు అందలేదు.

మా ఆయన క్షేమం కోసం నేను మొక్కని దేవుడు లేడు, ఉండని ఉపవాసం లేదు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ చెప్పగా నేను వినలేదు. వదిన చెంబు సంగతి మాత్రం కారెక్కిన ప్రతివాడికీ చెప్పేవాడు.

తర్వాత ఆమె కారుకు బయట, కుడిపక్క ఒక అద్దం పెట్టించింది. ఆ అద్దాన్ని నిలబెట్టిన ఇనుప కాడ నాకు నచ్చింది. దండ కట్టడానికి అంత అనువైన చోటు ఆ కారులో ఇంకొకటి లేదు. శుక్రవారం నాడు నిమ్మకాయలు, మిరపకాయలు, బంతిపూలు కలిపి ఒత్తుగా గుచ్చి దానికి కట్టాను. మా ఆయన నాకు భయపడో, దిష్టికి భయపడో విప్పలేదు. కుప్పం దాకా పోయి వచ్చాడు. వదిన వీధిలోనే చూసింది.

“అమ్మీ, ఇదేంది?”

“దిష్టికి వదినా.”

“దిష్టి యాడినుంచి వస్తాది?”

“యాడినుంచైనా వస్తాది.”

“బస్సు మటుకు ఎనకనుంచే వస్తాది. నువ్వు అద్దం మూసేస్తే నీ మొగుడికి అది కనపడేదెట్ల?”

విప్పి పారేస్తుందనుకున్నాను. పారేస్తే పోట్లాడదామని కొంగు బిగించాను. ఆమె దండను నలగకుండా విప్పి, ముందుకు పోయి వంగి, బంపరుకు తనే కట్టింది. “ముందర దేవుడు సూసుకుంటాడు. ఎనక నీ మొగుణ్ణి సూసుకోనీ,” అంది. వీధిలో అందరూ నవ్వారు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. మళ్ళీ శుక్రవారం దండ బంపరుకే కట్టాను. ముందుదానికంటే పెద్దది కట్టాను.

పాత లారీ సామాన్ల కొట్లో దొరికిన ఎర్రదీపం ఒకటి తెచ్చి వెనక అద్దం మీద పెట్టించింది. బ్రేకు తొక్కితే అది వెలిగేది. వెనక కింద ఉన్న చిన్న దీపాలు దుమ్ములో బస్సువాళ్ళకు కనిపించడం లేదని ఆమె బాధ. దాన్ని చూసి మా వీధిలో ఒకామె, తన నొసట పోయిన బొట్టును కారుకు పెట్టుకుందని అన్నది. నాకైతే ఆ మాటకు మూడు రోజులు అన్నం సయించలేదు. వదిన నవ్వింది. “నాకు లేకపోతే ఏమిలే. ఎనక వచ్చేవానికి కనపడితే సాలు,” అంది. ఆ కారూ, ఆ తమ్ముడూ అటుంచండి, అలా నవ్వే గుణం ఆమెకిచ్చి నాకెందుకు ఇవ్వలేదని దేవుణ్ణి ఇప్పటికీ అడుగుతుంటాను.

ఆమె వీధిలోవాళ్ళకు రవికలు కుట్టేది. ఆ మిషను మీదే మంచాలకు అల్లే నవ్వారును పొరలు పొరలుగా కుట్టి ముందు సీట్లకు రెండు బెల్టులు చేసింది. సాయబు కింద ఇనుప బిళ్ళలు వేసి బోల్టులు బిగించాడు. అప్పుడు మా పక్క కారులో బెల్టు ఎవరు చూశారు? ఎక్కినవాళ్ళు గొడ్డును కట్టేసినట్టుందని నవ్వేవాళ్ళు. మా ఆయన సిగ్గుపడ్డాడు గానీ అక్క చేతి కుట్టు కదా, కట్టుకున్నాడు. రెండోది ఆమె తనకే కుట్టుకుందని నాకు కడుపు మండింది. ఒకరోజు ఊరికే ముందు సీట్లో కూర్చుని పెట్టుకుని చూశాను. నా నడుముకు సరిగ్గా సరిపోయింది. వదిన భారీ మనిషి, ఆమెకు అది చుట్టూ వచ్చేదే కాదు.

“ఇది నాకా?” అని అడిగాను.

“నీ కొలత నాకాడ ఉండాది కదమ్మీ. ఎప్పుడు అడుగుతావో అని సూస్తాండా,” అంది.

అడగాలని నాకెట్లా తెలుస్తుంది? తనే ఒక మాట చెప్పి ఉండవచ్చు.

ఆ ఏడాది వానల్లో, ఒక సాయంత్రం మా ఆయన పుంగనూరు నుంచి ఒక్కడే వస్తున్నాడు. వంపు తిరగ్గానే దారికి అడ్డంగా చెరకు బండి. బ్రేకు తొక్కాడు. కారు జారింది గానీ పల్టీ కొట్టలేదు, ఎడమకు లాగలేదు. పక్కకు తిరిగి, బండి చక్రాన్ని బంపరుతో తాకి నిలిచింది. నవ్వారు బెల్టు ఆయన్ను సీటుకు పట్టి ఉంచింది. వెనక బస్సు వస్తోంది. ఆ డ్రైవరు ఎర్రదీపం చూసి ముందే తొక్కి, కారుకు ఒక బారెడు దూరంలో ఆపాడు.

ఇదంతా నాకు చెప్పింది పాలు పోసే ఆమె. అప్పటికి మా ఆయన ఊళ్ళోకి వచ్చి చాలాసేపయింది. వదిన ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. చావు దాకా పోయి వచ్చిన మనిషి ముందు ఆ గడప తొక్కాడు. నేను పరుగెత్తుకుంటూ పోయాను. ఒళ్ళంతా తడిమి చూశాను. పొట్ట మీద నవ్వారు ఒత్తుకున్న ఎర్రటి గీత తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బయటికి పోయి బంపరు చూశాను. నిమ్మకాయలు చితికిపోయి ఉన్నాయి. దండ పట్టుకుని లోపలికి వచ్చి, చితికింది నా నిమ్మకాయలు కాబట్టి కాపాడింది అవేనని గట్టిగా అన్నాను.

మా ఆయన నవ్వబోయాడు. వదిన ఆయన్ను కసిరింది. “రెండూ పని సేసినాయి పో. బెల్టు కుట్టు ఒకచోట ఊడింది, అది నేను ఎయ్యాల. నువ్వు ఇంకో దండ కట్టాల,” అంది. నాకూ ఒక లోటా కాఫీ ఇచ్చి, నా వణుకు చూసి, “భయాన్ని నోట్లో పెట్టుకోవద్దమ్మీ, సేతిలో పెట్టుకో,” అంది. చెప్పినంత సులువా? నా చేతులకు వణకడమే వచ్చు.

ఆయన ఆ తర్వాత కూడా ఇన్నేళ్ళుగా రోజూ ఇంటికి వచ్చాడు. ఇప్పుడు చిన్న చిన్న కొత్త కార్లు వచ్చి మా నల్లకారుకు బాడుగలు లేవు గానీ ఆయన ఉన్నాడు, నా మొగుడు నాకున్నాడు. దానికి మా వదినకు దణ్ణం పెట్టాలి. పెడుతున్నాను. ఈ వాక్యం రాయడానికి నా చెయ్యి ఎంత మొరాయించిందో మీకు తెలియదు.

శుక్రవారం మేమిద్దరం ఆ కారులోనే కుప్పం పోయాం. మదనపల్లెలో అన్న పక్కనే తనను పూడ్చాలని ఆమె కూతురికి చెప్పి ఉంచిందట. మధ్యాహ్నం దాటాక ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టాం. కూతురూ అల్లుడూ బస్సులో వస్తామన్నారు. మా ఆయన నన్ను ముందు కూర్చుని బెల్టు కట్టుకోమన్నాడు. వెనక సీటుకు ఆమె బెల్టు కుట్టలేదు. వంపుల్లో ఆమె జారిపోతుందని నాకు భయం పట్టుకుంది. నేను వెనకే ఎక్కి ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాను.

పలమనేరు దాటాక మా ఆయన భుజాలు కదలడం చూశాను. లోపలి అద్దంలో ఆయన కళ్ళు కనిపించాయి. దారిని చూసినప్పుడు తప్ప ఆ కళ్ళు వదిన ముఖం మీదే ఉన్నాయి. ఆ ముఖం పక్కనే ఉన్న నన్ను ఒక్కసారీ చూడలేదు. కళ్ళు నిండి కారిపోతున్నాయి, చెయ్యి ఎత్తి తుడుచుకోవడం లేదు. ముందు పుంగనూరు వంపులున్నాయి. జాగ్రత్త అనబోయాను. ఆ మాటకు ఏ జవాబు వస్తుందో నాకు తెలుసు.

“ఏడుపొస్తే పక్కకి పెట్టి ఏడువబ్బా. ఏడ్చినాంక తోలు. రెండూ ఒకేసారి వద్దు,” అన్నాను.

కారు నిదానించింది. చింతచెట్ల కింద దారి దిగి నిలిచింది. నా కాపురంలో నా మాటకు ఆయన కారు ఆపడం అదే మొదలు. అప్పుడాయన వెనక్కి తిరగకుండానే, “అచ్చం అక్క చెప్పినట్లే చెప్పినావే,” అన్నాడు. అని, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

నా మాట అనుకోవడానికి ఆ ఒక్క క్షణమైనా నాకు మిగల్చలేదు ఆమె. ఒళ్ళో ఉన్న ముఖం వంక చూశాను. కోపంగానే చూశాను. జారకుండా చెయ్యి ఆమె మీద అడ్డంగా వేసి పట్టుకునే ఉన్నాను. ఆ చెయ్యి వణకడం లేదు. పొద్దు వాలిపోతోంది. ఆయన కాలు ఇంకా బ్రేకు మీదే ఉన్నట్టుంది, వెనక దారి మీద దుమ్మంతా ఎర్రగా వెలుగుతోంది. మదనపల్లె పోయే బస్సు ఒకటి దూరం నుంచే ఆ ఎర్రదీపాన్ని చూసి నిదానించి, మాకు ఎడంగా చుట్టి పోయింది.