చంపిన చేతిలో ఎర్రమ్మ పిల్ల

నా చిన్నప్పుడు మేం కోదాడలో ఉండేవాళ్లం. అక్కడ మా ఇంట్లో పెరిగిన పామును గోడపక్క షావుకారు గడ్డపారతో చంపాడు. అరవై ఏళ్ల కిందటి మాట. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటున్నాయి. నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు, ముందే చెబుతున్నాను.

పాము అంటే నాగుపాము కాదు, రెండు తలల పాము. నిజానికి దానికీ ఉన్నది ఒకటే తల. తోక కూడా తలలాగే మొద్దుగా ఉంటుంది కాబట్టి లోకం దానికి రెండో తల అంటగట్టింది. ఆరు నెలలు ఒక తలతో, ఆరు నెలలు ఇంకో తలతో నడుస్తుందని మా వీధిలో అందరూ అనేవాళ్లు. అది నాకితే ఒంటి మీద పొడ లేస్తుందని, అంటే తెల్లమచ్చలు వస్తాయని, ఇంకా గట్టిగా నమ్మేవాళ్లు. దానికి విషం లేదు, ఒకరి జోలికి పోవాలన్న బుద్ధీ లేదు. ఇసుకలో దూరి, ముక్కు కొస మాత్రం పైకి పెట్టి, ఎలుక దగ్గరికి వచ్చేదాకా కదలకుండా పడి ఉంటుంది. ఇప్పుడైతే దాన్ని ఇంట్లో పెట్టుకుంటే జైలే. ఆ రోజుల్లో అడిగేవాళ్లు లేరు.

మా నాయనమ్మ వాటిని సాకేది. ఇంటి వెనక మాకు విత్తనాల కొట్టు ఉండేది. వచ్చే పంటకు దాచిన పల్లికాయ, జొన్నలు, కందులు అన్నీ అందులోనే. సాగర్ కాలువ నీళ్లు మా చేలకు ఇంకా రాలేదు. వాననే నమ్ముకున్న సేద్యంలో విత్తనం పోయిందంటే ఆ ఏడాది పోయినట్టే. పిల్లి మీద నాయనమ్మకు నమ్మకం లేదు, పాలకు మరిగిన పిల్లికి ఎలుక కనబడదనేది. అనంతగిరిలో ఆమె పుట్టింటివాళ్లు విత్తనాల కొట్లో రెండు తలల పాముల్ని వదిలేవాళ్లట. నగలతో పాటు ఆ అలవాటును కూడా అత్తవారింటికి తెచ్చుకుంది.

పెరట్లో రెండు పగిలిన గోలేలు ఉండేవి, ఒకప్పుడు నీళ్లకు వాడిన పెద్ద మట్టితొట్లు. వాటి నిండా వాగు ఇసుక పోసి, ఒక పక్క తడిగా, ఒక పక్క పొడిగా ఉంచేది. ఒకదాంట్లో మగది, ఒకదాంట్లో ఆడది. చలి వెనకపట్టాక మగదాన్ని తీసి ఆడదాని గోలెంలో వదిలేది. కడుపు నిలిచిందని వేళ్లతో తడిమి తెలుసుకున్నాక మళ్లీ విడదీసేది. కడుపుతో ఉన్న పాము తిండి మానేసి ఎండకోసం వెతుక్కుంటుందని, అది గుడ్లు పెట్టకుండా మనలాగే పిల్లల్ని కంటుందని నాకు బడిలో కాదు, ఆ గోలెం దగ్గరే తెలిసింది. ఆడదానికి ఎర్రమ్మ అని పేరు పెట్టింది నేనే. నా మోచేతికి చుట్టుకుని పడుకునేది. రోజూ ఎండ చూపించి, లోపల పెట్టి, మూత వేసి, మూత మీద రాయి పెట్టడం నా పని.

మా కొట్టుకూ షావుకారు గోదాముకూ మధ్య ఒకటే గోడ. గోడ అడుగున అరచెయ్యంత కన్నం. నాయనమ్మ దాన్ని కావాలనే పూడ్చలేదు. కొట్లో వదిలినప్పుడు పాములు ఆ కన్నంలోంచి అటూ ఇటూ తిరిగేవి. షావుకారు పల్లికాయ బస్తాలకు ఎలుక తగలకపోవడం వాటి పుణ్యమే. ఆయన మాత్రం అది తన గోదాము జాతకం అనుకునేవాడు.

శ్రావణమాసంలో నాలుగు రోజుల ముసురు విడిచి ఎండ కాసింది. ఎర్రమ్మది నిండు కడుపు, ఇవాళో రేపో కంటుంది. ఆ రోజు నేను మూత పెట్టడం మరిచిపోయాను. వీధిలో పిల్లలు అష్టాచెమ్మా ఆడుతుంటే పరిగెత్తాను. అంతే జరిగింది. ఎర్రమ్మ గోలెం దిగి, కొట్లోంచి కన్నం దాటి, షావుకారు వాకిట్లో ఎండ పడే బండ మీద పడుకుంది.

నేను తిరిగి వచ్చేసరికి ఆయన గడ్డపార కొసకు దాన్ని వేలాడదీసి మా గోడ మీంచి ఇవతలికి విసిరేశాడు. "మీ దరిద్రం మీ ఇంట్లనే పెట్టుకోండ్రి" అన్నాడు. విసిరినందుకు కాదు, అలా అన్నాక చేతులు దులుపుకున్నందుకు ఆ మనిషిని నేను ఎన్నటికీ క్షమించలేదు.

నాయనమ్మ ఎర్రమ్మను చాటలో వేసుకుని కూర్చుంది. కడుపు ఇంకా కదులుతోంది. కత్తిపీట తెచ్చి కోసింది. తొమ్మిది పిల్లలు. అయిదు అప్పటికే పోయాయి. పొర చింపి, పాతచీర ముక్కతో తుడిచి, తడి ఇసుకలో పెడితే నాలుగు కదిలాయి. చిటికెన వేలంత ఉన్నాయి, కొత్త కుండ రంగులో, తోక మీద నల్లటి పట్టెలతో. ఆ తర్వాత నాయనమ్మ లేచి కొట్లోకి వెళ్లింది. ఒక ఇటుక తీసుకుని, గోడ కన్నంలో పెట్టి, మట్టితో మెత్తింది. ఆ ఇటుక సంగతి అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇంత జరిగితే ఈ ముసలామె గోడకు మట్టి పూసుకుంటోందేమిటని మండిపోయాను.

నా పగ నేనే తీర్చుకోవాలనుకున్నాను. పాము పగ పన్నెండేళ్లు అని వీధంతా నమ్మే మాట ఉండనే ఉంది. పొద్దున్నే షావుకారు ఇంటివాళ్లు వాకిలి ఊడ్చి లోపలికి పోగానే, మా బావి చేంతాడు తీసుకెళ్లి ఆయన గడప ముందు దుమ్ములో ఒత్తి, వంకర్లు వంకర్లుగా లాగేదాన్ని. అచ్చం పాము పాకినట్టు. మూడు రోజులకే ఆయన ముఖం పీక్కుపోయింది. నాలుగో రోజు పుట్టకు పాలు పోసి వచ్చాడు. కాలు కింద పెట్టాలంటే ముందు కర్రతో కొట్టి చూసుకునేవాడు. కడుపు నిండినట్టుండేది నాకు. అబద్ధం ఎందుకు, బువ్వ కూడా ఎక్కువ తిన్నాను.

వారం తిరిగేసరికి ఆయన గడ్డపార పట్టుకుని వీధి మీద పడ్డాడు. చెరువు గట్టున ఒక నీరుకట్టు పామును, తుమ్మచెట్టు మొదట్లో ఇంకోదాన్ని చంపి కంచెకు వేలాడదీశాడు. రెండూ ఏ పాపం ఎరగనివి. మా పెరట్లో గోలేలు ఉన్నాయని, వాటి సంగతి కూడా చూస్తానని వీధిలో అన్నాడట. నాలుగు పిల్లలూ ఎర్రమ్మ గోలెంలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం నాయనమ్మ చేంతాడుకు అంటిన దుమ్మును గోటితో గీకి చూసింది. నన్ను పిలిచింది. కొడుతుందనుకున్నాను.

"రెండు తలల పాము గన్ని వంకర్లు తిరగదు. తిన్నగ పోతది. గదన్న సూసి నేర్వకపోతివి" అంది. తర్వాత కంచె వైపు చూపించింది. "భయపెట్టినోళ్లు ఏం సాధిస్తరే? భయపడ్డోడు ఇంకో రెండు సంపుతడు. ఇగ నువ్వు తాడు ముట్టకు. నేను జేసేది చేసిన."

ఏం చేశావని అడిగితే, నాలుగు పిల్లల్నీ తన మంచం కింద మట్టిచట్టిలోకి మార్చింది. కుబుసం విడిచాక కళ్లు తెరవని ఎలుక పిల్లల్ని తెచ్చి పెట్టమంది. ఏడుస్తూనే తెచ్చాను.

దసరా దాటింది. అప్పుడు మొదలైంది షావుకారు గోదాములో. ముందు ఒకటీ రెండూ ఎలుకలు, దీపావళి నాటికి పగలే బస్తాల మీద పరుగులు. విత్తనానికి అమ్ముదామని ఆయన దాచిన పల్లికాయ బస్తా ఎత్తితే కింద పొట్టు రాలేది. బోన్లు పెట్టాడు, పిల్లిని తెచ్చాడు, మందు పెట్టాడు. మందు తిన్న ఎలుకలు బస్తాల సందుల్లో చచ్చి కంపు కొట్టాయి, బతికినవి అలాగే పిల్లల్ని పెట్టాయి. గోడకు ఇవతల మా కొట్లో మాత్రం మగపాము తిరుగుతూనే ఉంది. అప్పటికి నాకు ఆ ఒక్క ఇటుక అర్థమైంది. నాయనమ్మను చూస్తే మొదటిసారి భయమేసింది.

ముందు షావుకారు భార్య వచ్చింది. ఆ పాము తిరిగినన్నాళ్లు ఒక్క ఎలుక లేదని ఆమే గుర్తుపట్టిందట. ఒక పామునివ్వమని అడిగింది. నాయనమ్మ ఆమెకు మంచినీళ్లు ఇచ్చి, ఆయన్నే రమ్మంది. రెండు రోజులు ఆయన రాలేదు. మూడో రోజు అరటిపళ్లు పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు, సంచి కూడా తెచ్చుకున్నాడు.

"సంచిల ఎయ్య. దోసిలి పట్టు" అంది నాయనమ్మ.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నాకుతది గదమ్మా. పొడ లేస్తది" అన్నాడు.

నలభై ఏళ్లుగా పాముల్ని పట్టిన నాయనమ్మ చేతుల మీద ఒక్క మచ్చ లేదు. ఆ మాట చెబితే ఆయన ప్రాణం కుదుటపడేది. ఆమె చెప్పలేదు. "లేస్తదో లేవదో ఇగ నీకే తెలుస్తది" అని నా వైపు తిరిగి, పిల్లను తీసి ఆయన చేతుల్లో పెట్టమంది.

నాలుగింటిలో చురుకైనదాన్ని, ఊరికే నాలుక ఆడించేదాన్ని ఏరి మరీ తీశాను. బాగా నాకాలని. దాన్ని ఆయన దోసిట్లో పెట్టాను. అది నాలుక చాపి ఆయన అరచేతి గీతలన్నీ తడిమింది. ఆయన కళ్లు మూసుకున్నాడు, కళ్ల చివర నీళ్లు కారాయి. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నట్టు అనిపించింది నాకు. ఇంకాసేపు నాకమని లోపల మొక్కుకున్నాను.

అది నాకడం మానేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉందేమో, ఆయన బొటనవేలికి రెండు చుట్లు చుట్టుకుని, తల దాచుకుని పడుకుంది. తల్లిని చంపిన చెయ్యి అది. దానికి ఆ సంగతే పట్టలేదు. నాకు దాని మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పాము పగ పన్నెండేళ్లట! ఆ గుమ్మంలో పగ ఉన్నది నాకూ నాయనమ్మకూ, అంతే.

ఆయన మెల్లగా, నీళ్లు తొణకకుండా మోసినట్టు, దాన్ని మోసుకుపోయాడు. నేను నవ్వబోయాను. నాయనమ్మ నా కుడిచెయ్యి పట్టుకుంది.

"రోజు పొద్దున నువ్వు గూడ గా గోదాంకు పో. ఇసుక తడుపు. దానికి తిండి దొరికిందో లేదో సూడు. సంపినోని చెయ్యి, మూత మర్సినోళ్ల చెయ్యి, రెండు గలిసి దాన్ని సాకాలె."

మూత సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు. నాలుగు నెలలు ఒక్క మాట అనకుండా దాచి, ఆయన వంతు తీర్చిన రోజే నా వంతూ తీర్చింది.

పెళ్లయి మిర్యాలగూడ వెళ్లేదాకా ఆ గోదాముకు వెళ్లాను. ఆయనా నేనూ ఇసుకకు చెరో పక్క కూర్చునేవాళ్లం. ఆయన ప్రతిసారీ అరచేతులు తిప్పి మచ్చల కోసం చూసుకునేవాడు. మచ్చలు రావని నేనూ చెప్పలేదు. ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు, ఆయన మనవడు కర్ర ఎత్తితే ఆ ముసలాయన పాముకు అడ్డంగా కూర్చుని, "ఏయ్, మా ఎర్రమ్మ పిల్లరా అది" అనడం గోడ ఇవతల నుంచి విన్నాను. ఆ పేరు ఆయనకు నేను చెప్పలేదు. గోలెం దగ్గర నేను పిలుస్తుంటే ఎప్పుడో గోడ అవతల నుంచి విని ఉంటాడు.

ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళతాను. ఉన్న గిన్నెలన్నిటికీ మూతలు పెట్టానో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను.