ప్రేమమ్మ టీచరు విమానం

ప్రేమమ్మ టీచరు విమానాన్ని ఆకాశంలో పోతుంటే చూడటమే తప్ప దగ్గరగా చూసింది లేదు. అయినా ఆ ఏడు, 1984లో, చీరాలకు ఆరు మైళ్ల దూరంలోని మా మిషన్ బడిలో రోజుకొక విమానాన్ని కూల్చేది. నాకు ఒళ్లు మండేది.

మాది ఇద్దరు పంతుళ్ల బడి. ఒకటే తాటాకు పాక, మధ్యలో తడిక. ఇవతల నా మూడు తరగతులు, అవతల ఆవిడ నాలుగు, ఐదు. నేను ఏడో ఎక్కం మొదలుపెట్టానో లేదో తడిక వెనక ఇరవై రెండు గొంతులు విమానం మోత మోగించేవి. నా పిల్లలు ఎక్కం వదిలేసి తడిక సందుల్లోంచి చూసేవాళ్లు.

నాలుగో తరగతి వాచకంలో విమానం మీద రెండు పేజీల పాఠం ఉంది. ప్రమాదం వస్తే సామాను వదిలేసి ముందు బయటపడాలి అన్నది అందులో చివరి వాక్యం. ఆవిడ ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుంది. చాపలు సీట్లలా వరసగా పరిచి, బెల్టులకు బదులు పశువుల పలుపుతాళ్లు నడుముకు కట్టించేది. సైకిలు రిమ్ము పట్టుకుని జక్రయ్య పైలట్. కొండమ్మ ఎయిర్ హోస్టెస్. టీచరు గంట కొడితే విమానానికి నిప్పంటుకున్నట్టు. తాళ్లు విప్పుకుని, తోసుకోకుండా, దొడ్డిగుమ్మం గుండా బయటికి పోవాలి.

అందరూ పోయేవాళ్లు. అందర్నీ పంపించాక కొండమ్మ మాత్రం వెనక్కి వెళ్లి, గోడన తగిలించిన తన అన్నం గిన్నె తెచ్చుకునేది.

"ఏమే, ఏం చెప్పాను?"

"సామాను వదిలెయ్యమన్నారండి."

"మరి చేతిలో అదేంటి?"

"మా నాయనమ్మ గిన్నండి."

సొట్టలు పడ్డ సత్తు గిన్నె. అంచు మీద వీరమ్మ అని చుక్కలతో పేరు కొట్టించి ఉంటుంది. వీరమ్మ పోయి మూడేళ్లయింది. గిన్నె పోగొట్టావో ఇంటికి రావద్దని మిరపకాయల కోతకు పోతూ తల్లి రోజూ చెప్పి పంపేది. నెల రోజులు గంట కొట్టారు, నెల రోజులూ ఆ గిన్నె బయటికొచ్చింది.

ఒకరోజు ప్రేమమ్మ టీచరు గుమ్మంలో కూలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. "గొంతు చించుకుంటున్నాను మాస్టారూ. ఒక్క పిల్ల చేత ఒక్క గిన్నె వదిలించలేకపోయాను."

"వీళ్లు రైలెక్కడమే గగనం. విమానం గోల ఎందుకండీ?" అన్నాను.

"ఎక్కకపోతే మానె. పడుకునేది తాటాకు కిందే గదా? పోయిన ఎండాకాలం పల్లె తగలబడ్డప్పుడు జక్రయ్య వాళ్ల నాయనమ్మ బయటికొచ్చి కూడా ట్రంకు పెట్టె కోసం మళ్లీ లోపలికి పోయింది. ఇక రాలేదు. ఆ సంగతి చెబితే పిల్లలు జడుసుకుంటున్నారు. విమానమంటే ఆడుకుంటారు."

ఆ మాట నిజమేననుకుంటూ నా ఎక్కాల దగ్గరికి పోయాను. చిరాకు మాత్రం పోలేదు.

మార్చిలో ఒక పొద్దున, బడి పక్క చేలో అంకయ్య పత్తికట్టె తగలబెట్టాడు. గాలి ఇటు తిరిగింది. గంట మోగితే విమానం మళ్లీ కూలిందనుకుని తిట్టుకున్నాను. అంతలో పొగ వాసన తగిలింది, చూస్తే మా పాక కప్పు అంటుకుంది. నా పిల్లల్ని ముందు గుమ్మం గుండా తోసి చుట్టూ తిరిగి వెళ్లేసరికి, దొడ్డిగుమ్మంలో కొండమ్మ నిలబడి ఒక్కొక్కర్నీ పంపిస్తోంది. "వంగండి. తోసుకోవద్దు. సామాను వదిలెయ్యండి." చివర తను వచ్చింది. రెండు చేతులూ ఖాళీ.

ఇరవై రెండు మందీ ఉన్నారు. ప్రేమమ్మ టీచరు రెండుసార్లు లెక్కపెట్టింది. ఆ తర్వాత ఏం తట్టిందో, "అయ్యో, రిజిస్టరు" అంటూ లోపలికి పరిగెత్తింది. నెలాఖరున ఇన్‌స్పెక్షన్. హాజరుపట్టీ పోతే ఉద్యోగానికే ఎసరు.

"టీచరండీ, వదిలెయ్యండి!" అని కొండమ్మ అరుస్తూనే ఉంది. ఆపుదామని నేను చెయ్యి చాచాను. ఆ చేతిలో నా గొడుగుంది. దాన్ని ఎప్పుడు తీసుకొచ్చానో నాకే తెలియదు.

ఆవిడ రిజిస్టరు గుండెకు హత్తుకుని బయటపడింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

ఆదివారం మిషన్ గుళ్లో ప్రార్థనయ్యాక, బడిని నడిపే కరస్పాండెంటు గారు మైకు ముందు నిలబడి, ప్రాణాలకు తెగించి బడి రికార్డు కాపాడిందని ఆవిణ్ణి మెచ్చుకున్నారు. పిల్లల ఊసే లేదు. ఆ మైకు పీకి పారేయాలన్నంత కోపం వచ్చింది నాకు. కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

సోమవారం గుడి వరండాలో బడి పెట్టాం. ప్రేమమ్మ టీచరు చేతికి కట్టుతో వచ్చింది. కొండమ్మ కోసం కొత్త స్టీలు గిన్నె తెచ్చింది. ఆ పిల్ల దాన్ని ముట్టుకోలేదు. ఒడిలోంచి బూడిదలో ఏరుకున్న సత్తుముద్ద తీసి చూపించింది. పేరులో మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది.

"మీరు చెప్పారని వదిలేశానండి. మా అమ్మ కొట్టింది. మీరు మాత్రం మీ పుస్తకం తెచ్చుకున్నారు."

ప్రేమమ్మ టీచరు స్టీలు గిన్నెను పక్కన పెట్టింది. బాగున్న చేత్తో రిజిస్టరు తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. కొండమ్మ పేరు రెండుసార్లు పిలిచింది. ఆ పిల్ల ఎదురుగానే కూర్చుని ఉంది, పలకలేదు.