లారీలో వచ్చిన సముద్రపు నీళ్ళు

బెళుగుప్ప దిక్కున శెనక్కాయ పండించే ఇంట్లో పుట్టినదాన్ని. సముద్రం చూసింది పరిశోధనకు చేరినాకనే, తొంభైల చివర్లో. సముద్రపు బురదలో బతికే సూక్ష్మజీవుల నుంచి మందులు తీయొచ్చా అని అనంతపురం యూనివర్సిటీలో నా పరిశోధన చూసే సారు వెదుకుతా ఉన్నారు. "నీ బురద నువ్వే తెచ్చుకోవాలమ్మా" అన్నారు. ఆడపిల్లను అంత దూరం ఒంటరిగా పంపలేక నాయన తోడొచ్చినాడు.

నెల్లూరు తీరాన నేను మోకాటి లోతు బురదలో దిగి సీసాలు నింపుకుంటా ఉంటే, నాయన పంచె ఎగ్గట్టి నీళ్ళకేసి చూస్తా నిలబడినాడు. ఒక చుక్క నోట్లో వేసుకుని ఉమ్మినాడు.

"ఇన్ని నీళ్ళుండీ ఏం లాభమప్పా" అన్నాడు, పక్కన వల బాగుచేసుకునే మనిషితో.

"మాకు అన్నం పెట్టేది అదే కదన్నా" అన్నాడాయన.

సీసాలున్న ఐసుపెట్టెను బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చినాను. ఒక క్యాను సముద్రపు నీళ్ళు కూడా తెచ్చుకున్నాము. బురదను ఆ నీళ్ళతోనే పలచన చేసి గాజు పళ్ళేల్లో పరిచినాను. ఇవి తొందరగా పెరిగే రకం కాదు. వారాలు గడిచినాక సుద్దపొడి రాల్చినట్టు చుక్కలు లేచినాయి. మూత తీస్తే తొలకరికి తడిసిన మన్ను వాసన. ఆ ఏడు మాకు అప్పటికింకా చినుకు లేదు. పక్క గదుల వాళ్ళు కూడా వచ్చి వాసన చూసి పోయినారు.

ఒక్కొక్కదాన్నీ చీము పట్టించే క్రిమి పక్కన పెంచి చూసినాను. ఒక పొద్దున పళ్ళెం వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, నారింజ రంగు చుక్క చుట్టూ క్రిమి లేదు. ఆ చుక్క క్రిమిని చంపినంతమేరా తేటగా ఉన్నింది. సారు గదికి పరుగెత్తినాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి, పళ్ళెం తిప్పి తిప్పి చూసి, "మళ్ళీ చెయ్యి" అన్నారు. చేసినాను. మళ్ళీ అదే.

ఇక మందు ఎక్కువగా తీయాలని ఆ నారింజ చుక్కను పెద్ద ఫ్లాస్కుల్లో పెంచినాము. తెచ్చిన నీళ్ళు అయిపోయినందుకు బోరు నీళ్ళలో ఉప్పు కలిపి పోసినాము. అది బాగానే పెరిగింది, కానీ తెల్లగా పెరిగింది. క్రిమిని ఏమీ చేయలేదు. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఇంటికి పోయినప్పుడు నాయనతో చెప్పినాను.

"దానికి ఆ సముద్రపు నీళ్ళే కావాలేమో నాయనా."

"మన ఊరి శెనక్కాయల లారీ మద్రాసుకు పోతాది కదా" అన్నాడు.

డ్రైవరు తల గోక్కున్నాడు. "అందరూ చేపలు తెమ్మంటారు, నువ్వేంది పాపా ఉప్పునీళ్ళు తెమ్మంటావు?" అన్నాడు గానీ, తిరుగు ప్రయాణంలో టార్పాలిన్ కింద క్యాన్లు పెట్టుకుని వచ్చినాడు.

ఆ నీళ్ళు పోసినాక ఫ్లాస్కులు నారింజ రంగుకు తిరిగినాయి. రంగు తేలిన మొదటి పూట నేను అన్నానికి కూడా పోలేదు. ఆ రసాన్ని వడగట్టి, మందును వేరు చేసి ఆరబెడితే, గాజుబుడ్డి అడుగున పలచగా బెల్లంపాకం అంటినట్టు మిగిలింది. దాన్ని హైదరాబాదులో రసాయనం తెలిసినవాళ్ళకు పంపినాము. వాళ్ళు సారుకు ఫోన్ చేసినారు. తెలిసిన మందుకు చుట్టమేనంట, కానీ దాని అణువులో ఒక కొమ్మ ఇంతకుముందు ఎవరూ చూడనిదంట.

ఎస్టీడీ బూతుకు పోయి ఊర్లో అంగడికి ఫోన్ చేసి నాయనను పిలిపించినాను.

"ఎవరూ చూడనిది దొరికింది నాయనా."

"మంచిదేనా?"

"మంచిదే."

"అట్లయితే ఆ డ్రైవరుకు చెప్పాల" అని పెట్టేసినాడు.

అది మందు కాలేదు. క్రిమితో పాటు, పరీక్షకు పెట్టిన ఎలుకల కాలేయాన్నీ దెబ్బతీస్తాదని తరువాత తేలింది. బాధపడలేదంటే అబద్ధం. సారు మాత్రం ఆ కబురు చెప్తానే, ఆ బురదే పరిచిన ఇంకో పళ్ళెం నా ముందుకు జరిపినారు. దాంట్లో ఊదారంగు చుక్క. దీని చుట్టూ కూడా తేటగా ఉంటాదేమో అని నేను అప్పుడే కిటికీ దగ్గరికి పోతా ఉన్నాను.