ఫార్టీ ఎంఎం అన్న

ఇంటర్నెట్‌లో మెటల్ అమ్ముకోవచ్చని మా సారుకు ఎవరు చెప్పారో గానీ, వాళ్ళకో దండం పెట్టాలి. కరీంనగర్ శివార్లలో ఆయనకు కంకర క్రషర్ ఉండేది. రోడ్డుకు పోసే కంకరను మా దగ్గర మెటల్ అంటారు. బిల్లుల్లోనూ మెటలే, లారీ డ్రైవర్ల నోట్లోనూ మెటలే. నేను ఆ ఆఫీసులో కంప్యూటర్ పని చేసేదాన్ని. తొంభైల చివర్లో సారు ఆ కంప్యూటర్‌కు ఫోను తీగ తగిలించి, నా వెనక నిలబడి హుకుం జారీ చేశాడు.

"బిడ్డా, మెటల్ అని కొట్టు. దునియల ఎవ్వనికి గావాల్నో వాడే బయటికొస్తడు. ఉత్త మెటల్ గాదు, హెవీ మెటల్ అని కొట్టు. మనది పెద్ద సైజు గద."

కొట్టాను. చాలాసేపటికి తెర మీద పుర్రెలు, మంటలు, జుట్టు విరబోసుకున్న మగవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. సారు కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "వీళ్ళు రోడ్లేసేటోళ్ళ లెక్క లేరు" అని తేల్చేసి క్వారీకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ తెరకు అతుక్కుపోయాను. ఎందుకంటే హెవీ మెటల్ అనేది ఒక పాశ్చాత్య సంగీతం పేరు, నాకు కావలసిన మెటల్ అదే.

అంతకు కొన్నేళ్ళ ముందు, దుబాయి నుంచి వచ్చిన మా మేనత్త కొడుకు ఒక క్యాసెట్ నా ముందు పడేసి, "గిది ఖరాబైంది, తుడిపి భజనలు నింపుకో" అన్నాడు. పెట్టి విన్నాను. ఖరాబైంది క్యాసెట్ కాదు, ఆయన చెవులు. ఇంత కోపాన్ని ఇంత శ్రద్ధగా వాయించవచ్చని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో కోపం మగవాళ్ళ సొత్తు. నాకు వచ్చిన కోపాన్ని నేను అన్నంతో పాటు మింగేదాన్ని. ఆ క్యాసెట్‌లో ఎవడో తెలియనివాడు నా బదులు అరుస్తుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. అవ్వ వంటింట్లోంచి తొంగి చూసి, "ఎవన్నన్న కోస్తున్నరా ఏంది?" అంది. బాపు, "సంబంధం జూడొచ్చేటోళ్ళ చెవుల పడ్తది, బంద్ చెయ్" అన్నాడు. కాలేజీ స్నేహితురాళ్ళకు వినిపిస్తే తలనొప్పి మాత్ర అడిగారు. ఆ సంగీతం వినే మనిషి ఇంకొకరు నాకు కరీంనగర్‌లో కనబడలేదు.

కాబట్టి తెర మీద మన దేశపు మెటల్ అభిమానుల గుంపు ఒకటి కనిపించేసరికి నేను కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాను. ఆ రోజు నుంచి సారు క్వారీకి పోగానే వాళ్ళ ఉత్తరాలు చదవడం మొదలుపెట్టాను. వాళ్ళు సంగీతం గురించి మాట్లాడుకుంటారనుకున్నాను, పిచ్చిదాన్ని. వాళ్ళు చేసేది పరీక్షలు పెట్టడం. ఫలానా డ్రమ్ము వాయించేవాడు ఏ ఏడు మానేశాడు? చెప్పలేకపోతే నువ్వు అసలైన అభిమానివి కాదు. ఫలానా పాట నచ్చిందా? అయితే నువ్వు అసలే కాదు. పెళ్ళిచూపుల్లో మా అత్తలు అడిగే ప్రశ్నలు ఇంతకంటే నయం, కనీసం ఉప్మా పెట్టి అడుగుతారు. లోకానికి ఎదురు తిరిగామని రాసుకునే ఈ వీరులందరూ నాన్న కట్టే ఫోను బిల్లు మీద ఎదురు తిరుగుతున్నవాళ్ళే.

ఒకసారి బెంగుళూరు నుంచి ఒక అమ్మాయి తన సొంత పేరుతో రాసింది. ఒక గిటారు వాయింపు గురించి, చాలా బాగా. జవాబులు గుట్టలుగా వచ్చాయి. వాటిలో గిటారు ఊసే లేదు. ఫోటో పంపమని కొందరు, ఏ అబ్బాయి నేర్పాడని ఇంకొందరు. ఆమె మళ్ళీ రాయలేదు. నేను చేరేటప్పుడు పేరు అడిగిన గడిలో, ఎదురుగా ఉన్న బిల్లు చూసి, 'ఫార్టీ ఎంఎం' అని కొట్టాను. మేము అమ్మే కంకరలో పెద్ద సైజు అది. గుంపులో అందరూ దాన్ని ఫిరంగి గుండు సైజు అనుకున్నారు. బొంబాయివాడొకడు ఎంత మగతనం ఉన్న పేరు అని మెచ్చుకున్నాడు. తన కారు చక్రాల కింద పడి ఉండేది అదేనని వాడికి తెలియదు. మగవాడినని నేను ఎక్కడా రాయలేదు. ఆడదానివా అని వాళ్ళు అడగనూ లేదు. పేరు మొరటుగా ఉండి, ఇంగ్లీషు తిన్నగా ఉంటే వాళ్ళ లెక్కలో అది మగవాడే.

ఆ పేరు అర్థమైనవాడు ఒక్కడే. మంచిర్యాల అబ్బాయి, డిగ్రీ చదువుతున్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి నాకు విడిగా రాశాడు: "అన్నా, ఫార్టీ ఎంఎం అంటే కంకర గదనే?" నేను ఆఫీసులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. అప్పట్నుంచి రోజూ రాసుకునేవాళ్ళం. వాడు పరీక్షలు పెట్టేవాడు కాదు. ఒక పాటలో తనకు ఎక్కడ ఒళ్ళు జలదరించిందో రాసేవాడు, నీకూ అక్కడేనా అని అడిగేవాడు. చాలాసార్లు నాకూ అక్కడే.

వాడి కథ మరీ అన్యాయం. మెటల్ వింటూ తల విదిలించడం అలవాటు కదా. తలుపు వేసుకుని అలా ఊగుతుంటే వాళ్ళ బాపు కిటికీలోంచి చూసి, కొడుక్కి గాలి సోకిందని కొండగట్టు అంజన్న గుడికి తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళు గుట్ట మీదే ఉంచి, తాయెత్తు కట్టించి, ఇంటికి తెచ్చాడు. ఇది ఎవరికీ చెప్పలేదన్నా, నీకే చెబుతున్నా అని రాశాడు. ఆ 'అన్నా' చదివినప్పుడల్లా నాకు చెప్పేయాలనిపించేది. బెంగుళూరు పిల్ల గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని. కానీ ఒక్కసారి, నా మొహంతో నేను కూర్చుని, ఎదురుగా ఒక మనిషితో ఆ సంగీతం గురించి మాట్లాడాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. ఆ మనిషి వీడేనని నిశ్చయించుకున్నాను.

చలికాలంలో గుంపులోని తెలుగువాళ్ళు కలుద్దామన్నారు. ఫార్టీ ఎంఎం అన్న ఊళ్ళోనే అని మంచిర్యాల అబ్బాయి పట్టుబట్టాడు. బస్టాండు దగ్గర ఒక హోటలు, ఆదివారం మధ్యాహ్నం. నేను ముందే వెళ్ళి గోడ పక్క టేబుల్ దగ్గర కూర్చున్నాను. అందరూ వచ్చి కుదురుకున్నాక లేచి చెబుదామని.

వచ్చారు. అందరూ నల్ల చొక్కాలు, నల్ల ప్యాంట్లు, పెరిగిన గడ్డాలు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరి చొక్కాల మీద పుర్రెలు. అది అయ్యప్ప మాలలు వేసుకునే కాలం. సర్వరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "స్వామీ, ఉల్లిగడ్డ లేకుండ చేపియ్యాల్నా?"

లోకానికి ఎదురు తిరిగినవాళ్ళలో ఒక్కడూ కాదనలేదు. ఉల్లిగడ్డ లేని దోసెలు బుద్ధిగా తిన్నారు. నాకు నవ్వు ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకున్నాను. తింటూనే మళ్ళీ అదే గోల, ఎవడు అసలు, ఎవడు నకిలీ. మధ్యలో పుర్రె చొక్కావాడొకడు, ఆడవాళ్ళ చెవులకు ఈ సంగీతం పట్టదన్నాడు. అందరూ నవ్వారు. తాయెత్తు కట్టుకున్న సన్నటి అబ్బాయి కూడా నవ్వాడు. మొహమాటానికి నవ్వినట్టు కూడా లేదు.

అయినా లేద్దామనే అనుకున్నాను. ఈలోపు వాడే లేచి నా దగ్గరికి వచ్చి, ఎదురుగా ఉన్న కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"అక్కా, గీ కుర్చీ ఖాళీనేనా? మా అన్న ఒకాయన వస్తుండు. ఆయన కోసం."

"మీ అన్న వచ్చిండు తమ్మీ."

వాడు గుమ్మం వైపు చూశాడు. "ఏడి?"

"నేనే. ఫార్టీ ఎంఎం."

వాడు నన్ను చూసి మర్యాదగా నవ్వాడు. "అన్న మిమ్ముల పంపిండా? పానం బాగలేదా ఆయనకు?"

"నన్నెవ్వలు పంపలే. నీకు రాసేది నేనే."

"మజాక్ చెయ్యకుండ్రి అక్కా."

పక్కవాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించాను. "కొండగట్టుల నీకు తాయెత్తు గట్టిన ముసలాయన నీ క్యాసెట్ ఇని, ఇంకోపారి పెట్టుమన్నడని రాసినవు. మీ బాపుకు గూడ చెప్పలే అంటివి."

వాడి నవ్వు ఆగిపోయింది. వాడు కూడా నవ్వుతాడని, కూర్చుంటాడని, ఆ ముసలాయన ఏ పాట మళ్ళీ పెట్టమన్నాడో చెబుతాడని నేను అనుకున్నాను. వాడు నా చీర వైపు, నా చేతుల వైపు, మళ్ళీ నా మొహం వైపు చూశాడు. జేబు కొట్టేసిన దొంగను పట్టుకున్నవాడి చూపు అది.

"గవన్ని నేను మీకు రాసిన్నా?" అన్నాడు.

"నాకే రాసినవు. జవాబులు గూడ నేనే ఇచ్చిన."

వాడు పట్టుకున్న కుర్చీని నెమ్మదిగా నా టేబుల్ కిందికి నెట్టి, వెనక్కి పోయి తన చోట కూర్చున్నాడు. పుర్రె చొక్కావాడు నా వైపు గడ్డం ఎగరేసి అడిగాడు.

"ఎవరామె?"

"ఏమో, తెల్వది" అన్నాడు వాడు దోసె తుంచుకుంటూ. "అన్న రాడంట."